బొట్టు పెట్టి పిలిచిన ఫిర్యాదులు

మా చెల్లెలి కొడుకు ఒక ఆదివారం పొద్దున తాండూరులో మా బండల ఫ్యాక్టరీకి వచ్చి, పాలిష్ మిషను ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "పెద్దమ్మా, నీ దగ్గర మస్తు వేస్టు ఉన్నది" అన్నాడు. గోడ పక్కన గుట్టగా పోసిన పగిలిన ముక్కల గురించి అంటున్నాడనుకున్నాను. "తీస్కపో, ఆటో పిలుస్త" అన్నాను. వాడు ఎక్కాలు చెప్పే పంతులులా ఓపిగ్గా నవ్వి, వేస్టంటే అది కాదన్నాడు. మనుషులు ఊరికే నిలబడటం వేస్టట. బండను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోయడం వేస్టట. కొనేవాడికి పనికిరానిది మనం ఏం చేసినా వేస్టేనట. పొద్దున్నుంచి టీల మీద టీలు తాగుతూ ఇదంతా చెబుతున్నవాడు ఏ లెక్కలోకి వస్తాడో నేను అడగలేదు. చెల్లెలి కొడుకు కదా.

వాడు ఉండేది వికారాబాద్‌లో. రోజూ రైలెక్కి హైదరాబాద్ దిక్కు ఏదో కంపెనీకి పోయి క్వాలిటీ చూస్తాడు. ఆ కంపెనీవాళ్ళు వాడిని ఒక హోటల్లో కూర్చోబెట్టి లీన్ అనే విద్య నేర్పించారు. ఆ విద్యలో పెద్ద మెట్టు ఏమిటంటే, కొనేవాళ్ళను ఫ్యాక్టరీలోకి పిలిచి, పని జరిగే చోట నిలబెట్టి, మా తప్పులేంటో చెప్పండని అడగాలి. వాళ్ళు చెప్తే మనం దిద్దుకోవాలి. మళ్ళీ పిలవాలి, మళ్ళీ దిద్దుకోవాలి. "ఇది ఎప్పుడు అయిపోతదిరా?" అన్నాను. "అయిపోదు పెద్దమ్మా, అదే దాని గొప్పతనం" అన్నాడు. కాపురం గురించి మా అత్తగారు కూడా అచ్చం ఇలాగే చెప్పేది.

వేరే రోజైతే ఇంత అన్నం పెట్టి పంపేసేదాన్ని. కానీ ఆ వారమే మా మరిదితో పెద్ద గొడవైంది. ఆ ఫ్యాక్టరీ మా ఆయన, మరిది కలిసి పెట్టింది. మా ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. మరిది వికారాబాద్‌లో ఇల్లు కట్టుకుని అక్కడ వేరే వ్యాపారాలు చూసుకుంటాడు. ఆయనకు ఈ షెడ్డు ఖాళీ చేయించి టైల్స్ షోరూం పెట్టాలని కోరిక. "వదినె, గీ కాలంల బండలు ఎవరు ఏస్తున్నరు? ఊర్లల్ల గూడ టైల్సే" అని వచ్చినప్పుడల్లా అంటాడు. తెల్లారగానే ఆ మిషను చప్పుడు వినకపోతే నాకు ఊపిరాడదని ఆయనకు ఎలా చెప్పను? ఇంట్లో కూర్చుని సీరియళ్ళు చూసుకో వదినె అని కూడా అన్నాడు. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

చెల్లెలి కొడుకు మాట విన్నాక నాకు ఒక ఉపాయం తట్టింది. ఫోన్ తీసి మరిదికి చేశాను. "కొనేటోళ్ళందరిని పిలుస్త. నువ్వు గూడ రా. బండ మంచిగ లేదని ఒక్కరు అన్నా తాళంచెవి నీ చేతుల పెడ్త. ఎవ్వరు అనకపోతే నువ్వు మళ్ళ టైల్సు మాట ఎత్తొద్దు" అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఫోన్ పెట్టేసి చూస్తే మా వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. "తప్పులు దొరకాలనే పిలుస్తం పెద్దమ్మా. తప్పు దొరికితే ఓడిపోయినట్టని పందెం కడ్తరా ఎవరన్నా?" అన్నాడు. నోర్మూసుకుని కుర్చీల సంగతి చూడమన్నాను.

వాడు ముందు ఫోన్లలో మెసేజ్ పంపాడు. రంగురంగుల బొమ్మ, దాని కింద "మీ గొంతు వినిపించండి" అని రాత. చూసినవాళ్ళు తలా ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకున్నారు. నేను చెప్పాను: మన దిక్కు మనుషులను ఫోన్లో పిలిస్తే రారు, ఇంటికి పోయి పిలవాలి. కుంకుమ భరిణె పట్టుకుని ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. పరిగి పోయాను, కుల్కచర్ల పోయాను, కోట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. మా బండలు వేసిన ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, "తప్పకుండ రావాలె, ఇంటిల్లిపాది" అని చెప్పి వచ్చాను.

"ఏం కార్యం అమ్మా?" అని అడిగారు. కార్యం కాదు, మీటింగు అన్నాను. "మా బండలల్ల తప్పులుంటె చెప్పాలె మీరు." వాళ్ళు నవ్వి, "ఊకో అమ్మా" అన్నారు. ఒకామె నన్ను లోపలికి తీసుకుపోయి, కొత్త మిషను ఏమన్నా తెచ్చినవా, దిష్టి తగులుతదని చెప్తలేవా అని గుసగుసగా అడిగింది. లేదంటే నమ్మలేదు. బొట్టు పెట్టి పిలిచాక తప్పులు చెప్పమని అడిగే కార్యం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు మరి.

మీటింగు రోజు షెడ్డు ముందు షామియానా వేయించాం. జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చేతిలో సంచులు విప్పి నాకు జాకెట్టు ముక్కలు పెట్టడం మొదలుపెట్టారు. కొందరు కొబ్బరికాయలు తెచ్చారు. ఒక పెద్దమనిషి పాలిష్ మిషనుకు దండం పెట్టి దాని ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్ళు పోయి మోటారు మీద పడ్డాయి. మా వాడు "సేఫ్టీ, సేఫ్టీ" అని అరుచుకుంటూ పరుగెత్తాడు. అది మంత్రమనుకున్నారో ఏమో, ఇద్దరు ముగ్గురు కళ్ళు మూసుకుని మళ్ళీ దండం పెట్టారు. మరిది తెల్ల చొక్కా వేసుకుని ముందు వరుసలో కూలర్ ఎదురుగా కూర్చున్నాడు.

మా వాడు అందరినీ లోపలికి తీసుకుపోయి పని చూపించాడు. క్వారీ నుంచి వచ్చిన బండ ఎక్కడ దిగుతుంది, ఎక్కడ కోస్తాం, ఎక్కడ నునుపు చేస్తాం. పెళ్ళివారి సారె చూసినట్టు అందరూ ఒక్కో బండనూ చూసి, తల ఊపి, ముందుకు జరిగారు. "ఇక్కడ మీకు ఏం వేస్టు కనపడ్తున్నది?" అని వాడు అడిగాడు. ఒక ముసలామె వాడి చెయ్యి పట్టుకుని, "నువ్వే బిడ్డ, తిండి లేక బక్కగైనవ్" అంది. మిషను కింద నుంచి కాలువలోకి పోతున్న నీళ్ళు చూసి ఒక రైతు, "గీ నీళ్ళు గిట్ల" అని ఏదో మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న భార్య మోచేత్తో పొడిచింది. ఆయన కండువా సర్దుకుని ముందుకు జరిగాడు.

చివరికి చీటీల కార్యక్రమం. గోడకు ఒక పెద్ద బోర్డు పెట్టి, మూడు రంగుల చీటీలు పంచాడు. తప్పు చెప్పాలంటే ఎర్రది, సలహా ఇవ్వాలంటే పసుపుది, బాగుందనాలంటే ఆకుపచ్చది అంటించాలి. డిగ్రీ చదివే ఒక అమ్మాయి అందరి మాటలూ రాసిపెట్టింది. చూస్తుండగానే బోర్డంతా ఎర్రగా నిండిపోయింది. మరిది కూర్చున్నచోటి నుంచే బోర్డు చూసి, మీసం సవరించుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. మా వాడి మొహం మాత్రం వెలిగిపోయింది, ఇన్ని తప్పులు ఒక్కరోజులో దొరకడం వాడి కంపెనీలో కూడా జరగలేదట.

దగ్గరికి పోయి చదివితే ప్రతి ఎర్ర చీటీ మీదా ఒకటే మాట. బండలు మంచిగున్నయి. మా ఇంట్ల సల్లగుంటది. అమ్మ సల్లగుండాలె. ప్రతి ఎర్ర చీటీ వెనకా ఒక పసుపు చీటీ, దాని మీద రాత కూడా లేదు. శుభం జరిగేచోట ఎవరైనా పసుపు కుంకుమలు పెడతారు గానీ ఆకుపచ్చ కాగితం అంటిస్తారా? మా వాడు కుర్చీలో కూలబడ్డాడు. మరిది కూడా వచ్చి చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, భోజనం చేయకుండానే కారెక్కి వికారాబాద్ వెళ్ళిపోయాడు. నేను గెలిచాను. ఆ సంతోషంలో వచ్చినవాళ్ళకు బలవంతంగా ఇంకో లడ్డూ వేయించాను.

సాయంత్రం కాకముందే మిగిలిన లడ్డూలు డబ్బాలో పెట్టుకుని వికారాబాద్ బస్సెక్కాను. మరిది ఇంట్లో లడ్డూలు ఇచ్చి రావాలని పైకి చెప్పాను. ఆయన మొహం ఎలా ఉందో దగ్గర నుంచి చూడాలని అసలు కోరిక. ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సు కదా, కాలు పెట్టే సందు లేదు. డ్రైవర్ వెనక సీట్లో ఒకామె జరిగి చోటిచ్చింది. దుమ్ముకు కొంగు తల మీద కప్పుకుని కూర్చున్నాను. బస్సు కదిలాక వెనక వరసల్లోంచి తెలిసిన గొంతులు వినిపించాయి. పొద్దున మా షామియానా కింద కూర్చున్న ఆడవాళ్ళే, కోట్‌పల్లి దిక్కు ఊళ్ళవాళ్ళు.

"బగారన్నం వెట్టి మటన్ వెట్టకపోతె ఏం దావతది?"

"సేట్ల ఇండ్లల్ల మటనెక్కడిదే. వంకాయ కూరల గూడ నూనె దప్ప వంకాయ లేదు."

"లడ్డు జూసినవా, రాయి లెక్కున్నది."

"ఆళ్ళ రాయి ముచ్చట దియ్యకు. మా ఇంట్ల ఒక్క బండ తీరు ఒక్క బండకు లేదు. ఒకటి లావు, ఒకటి పలచన. మేస్త్రి బండల మీద కోపం మా మీద దీస్తుండె."

"మా అత్త పడ్డది గదా. వంటింటి కాడ బండ అంచు లేచున్నది. గప్పటి సంది కట్టె పట్టుకునే నడుస్తున్నది."

ఆ మాట అన్న కోడలి గొంతు గుర్తుపట్టాను. ఆ అత్త కూడా పొద్దున వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి పెద్దావిడ, మా వాడిని బక్కగా ఉన్నావని ముద్దు చేసిన మనిషి. చేతికర్ర చూసి ఏమైందవ్వా అని అడిగితే, వయసు బిడ్డా అని నవ్వి నా చేతిలో జాకెట్టు ముక్క పెట్టింది. నాకు ముందు సిగ్గేసింది, వెంటనే కోపం వచ్చింది. నాకు కోపం వస్తే కూర్చోలేను. కడ్డీలు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వెనక్కి పోయి వాళ్ళ నెత్తి మీద నిలబడి కొంగు తీశాను.

వాళ్ళ మొహాలు పాలిపోయాయి. "మీ గురించి గాదమ్మా" అంది కోడలు. "గవి వేరేటోళ్ళ బండలు."

"ఏ వేరేటోళ్ళు?"

"కర్ణాటకోళ్ళయి" అంది పక్కామె.

"మీ ఇంట్లకు లోడు పంపింది నేను. కర్ణాటకోళ్ళు ఎక్కడికెల్లి వచ్చిండ్రు?" అన్నాను. "పొద్దుగాల బోర్డు పెట్టి, చీటీలిచ్చి, కాళ్ళు మొక్కినట్టు అడిగితే అమ్మ సల్లగుండాలె అని రాస్తిరి. ఇప్పుడు బస్సుల లోకానికంత జెప్తున్నరు. నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

కిటికీ పక్కన ఆ పెద్దావిడే కూర్చుని ఉంది. కర్ర అటు జరిపి నాకు ఇంత చోటు చూపించింది. "కూసో బిడ్డా, పడ్తవ్" అంది. "నీ మరిది ముందట్నే కూసున్నడు. ఒక్క మాట జారితె నీ ఫ్యాక్టరీ పాయె. మీ పందెం తాండూరంత ఎరుకే. బొట్టు వెట్టి పిలిస్తివి, కడుపు నిండ వెట్టితివి. మేం నీ నోట్ల మన్ను గొడ్తమా?"

నాకు ఏడుపొచ్చింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. నా ఫ్యాక్టరీ నిలబడాలని వీళ్ళంతా కూడబలుక్కుని అబద్ధాలు రాశారు. ఆ అబద్ధాలు చూసుకుని నేను లడ్డూలు పట్టుకుని మరిదిని వెక్కిరించడానికి పోతున్నాను. వాళ్ళ స్టేజీ రాగానే నేనూ వాళ్ళతో పాటు దిగాను. వద్దమ్మా, చీకటైతది, మళ్ళ బస్సు దొరకదు అని బతిమాలారు. ఆ బండ చూడనిదే కదలనన్నాను.

చిన్న ఇల్లు, సున్నం ఇంకా కొత్తగానే ఉంది. ముందు గది, దాని వెనక వంటిల్లు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కోడలు నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది. వంటింటి వాకిలి దగ్గర ఆమె కాలు కొంచెం పైకి లేచి అవతల పడింది. నీళ్ళ చెంబు పట్టుకుని వస్తూ మళ్ళీ అలాగే దాటింది. ఆమె కూతురు అయిదారేళ్ళ పిల్ల, లడ్డూ పట్టుకుని పరుగెత్తుతూ అక్కడికి రాగానే గెంతి పోయింది. పెద్దావిడ ముందు కర్రను అవతల పెట్టి, తర్వాత కాలు ఎత్తి పెట్టింది. ఎవరూ కిందికి చూడలేదు. ఆ ఇంట్లో అందరి కాళ్ళకూ ఆ చోటు తెలుసు.

దగ్గర నుంచి చూద్దామని నేను లేచి గబగబా పోయాను. బొటనవేలు అంచుకు తగిలి ముందుకు పడబోయి గోడ పట్టుకున్నాను. గోరు చీలి రక్తం కారింది.

"అయ్యయ్యో, అక్కడ కాలు జర ఎత్తి వెట్టాలె బిడ్డా" అంటూ పెద్దావిడ కింద కూర్చుని నా కాలు ఒళ్ళోకి తీసుకుంది. "నీకు జెప్పుడు మర్చిపోతి. తప్పు నాదే." కోడలు పసుపు తెచ్చింది. నా బండ తగిలి నేను పడితే, ఆ బండ వల్లనే కుంటుతున్న మనిషి నాకు పసుపు అద్దుతూ తప్పు తనదేనంటోంది. పొద్దున్నుంచి మా వాడు అడిగి అడిగి గొంతు పోగొట్టుకున్న సమాచారం అంతా అక్కడ నా కాలి వేలికి దొరికింది. రేపే మనుషులను పంపిస్తానని, ఆ బండ లేపి సరిచేయిస్తానని ఆమె చేతులు పట్టుకుని చెప్పాను. "పంపుదువు తీ, ముందు ఇంత చాయ్ తాగు" అంది.

అక్కడి నుంచి షేర్ ఆటో దొరికింది. దారి పొడుగునా నాతో నేనే కొట్లాడుకున్నాను. ఎవరికీ తెలియదు, మరిది ఓడిపోయానని ఒప్పుకుని వెళ్ళిపోయాడు, నువ్వెందుకు తవ్వుకుంటావని ఒక మనసు. ఒక్కరు అన్నా తాళం ఇస్తానని మాట ఇచ్చింది నువ్వే కదా, బస్సులో ఎంతమంది అన్నారు అని ఇంకో మనసు. వికారాబాద్‌లో ఆటో దిగి, కుంటుకుంటూ మరిది ఇంట్లోకి పోయేసరికి దీపాలు పెడుతున్నారు. లడ్డూల డబ్బా టీపాయ్ మీద పెట్టాను. దాని పక్కనే తాళంచెవి పెట్టాను.

"ఓడిపోయిన తమ్మీ" అన్నాను.

ఆయన ఏమీ అర్థం కాక చూశాడు. "అందరు మంచిగున్నయని రాసిండ్రు గదా వదినె. నేనే సదివితి."

బస్సులో విన్నది చెప్పాను. పెద్దావిడ కాలు గురించి చెప్పాను. ఆ మిషను చప్పుడు రేపటి నుంచి వినపడదని తెలిసి కూడా చెప్పాను. లోపలి నుంచి తోటికోడలు రెండు చేతులతో టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. నడవ దాటే చోట ఆమె కాలు కొంచెం పైకి లేచి ఇవతల పడింది. అలసిపోయి ఉన్నానేమో, అప్పుడు పట్టించుకోలేదు. మరిది తాళంచెవి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు తెచ్చుకుని టైల్సాయనకు ఫోన్ చేస్తానని లోపలికి బయల్దేరాడు. నడవ దగ్గర ఆయన కాలు కూడా లేచింది.

"తమ్మీ, ఆగు" అన్నాను. "అక్కడ కాలెందుకు ఎత్తినవ్?"

"ఎక్కడ?"

వెనక్కి తిరిగి చూసుకున్నాడు. కాలు మెల్లగా వెనక్కి తెచ్చి బొటనవేలితో తడిమాడు. టైల్స్ తప్ప ఇంకేం వేయకూడదని ఊరంతా చెప్పే మనిషి ఇంట్లో కిందంతా మా బండలే, ఇల్లు కట్టినప్పుడు మా ఆయన పంపినవి. నేనెప్పుడు వచ్చినా ముందు గదిలో కూర్చుని పోయేదాన్ని, ఆ నడవ దాకా వెళ్ళింది తక్కువ.

"ఇల్లు కట్టినకాంచి గట్లనే ఉన్నది గదక్కా" అంది తోటికోడలు. "పిల్లలు మస్తుసార్లు పడ్డరు. మా అమ్మ గూడ పడ్డది."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతిరి."

ఆమె మొగుడి వంక చూసింది. మరిది తల ఎత్తలేదు. "అన్న దగ్గరుండి ఏరి పంపిన బండలు. అన్నకు ఎట్ల జెప్త?" అన్నాడు.

ఆయన కింద కూర్చుని రెండు బండల మధ్య అంచు మీద బొటనవేలు అటూ ఇటూ రాశాడు. లేచి వచ్చి, నా ఎదురుగా నిలబడి, దుకాణానికి వచ్చిన బేరగాడిలా గొంతు గట్టి చేసుకుని, "గీ బండ సక్కగ లేదు వదినె. మనుషులను పంపి సక్కగ చేయించు" అన్నాడు. ఆ షెడ్డులో ఇన్నేళ్ళు కూర్చున్నాను, కొన్నవాళ్ళెవరూ నా మొహం మీద ఆ మాట అనలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నా దగ్గర ఉంచుకుంటె రేపు పొద్దుగాల ఫ్యాక్టరీ ఎవరు తెరుస్తరు?" అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకుని, ఇంకా ఎక్కడెక్కడ తగులుతోందో చెప్పమన్నాను. వంటింట్లో రెండు చోట్ల, స్నానాల గది ముందు ఒకచోట అని తోటికోడలు వరసగా చెప్పుకుంటూ పోయింది.